ప్లేటు మీద నిలిచిన గొంతులు

మా దాదాగారి ఇంట్లో ఒక పాటలపెట్టె ఉండేది. పక్కన మర తిప్పే పిడి, పైన గుండ్రటి బల్ల, దాని పక్కన సూదుల డబ్బీ. నాకు బుద్ధి తెలిసేనాటికే అది పాడయిపోయింది. అయినా ప్లేట్లు మాత్రం పాత దుప్పటిలో చుట్టి అటక మీద భద్రంగా ఉండేవి. పిల్లలం ఒకనాడు అటకెక్కి ఆ మూట మీద కూర్చున్నాం. ఫట్‌మని చప్పుడు వచ్చింది. దాదాగారు కొట్టలేదు, తిట్టలేదు. ముక్కలు ఏరి పక్కన పెట్టి, "దీంట్లో ఒక మనిషి ఉండేవాడురా" అన్నారంతే. ఆ మాట అర్థం కావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

మనిషి గొంతును పట్టి నిలిపే విద్య పుట్టి నూటయాభై ఏళ్లు కాలేదు. 1877లో అమెరికాలో ఎడిసన్ ఫోనోగ్రాఫు కనిపెట్టాడు. అందులో శబ్దం స్తంభం వంటి గొట్టం మీద నమోదయ్యేది. పదేళ్లకు, 1887లో, ఎమిల్ బెర్లినర్ పళ్లెం ఆకారంలో రికార్డు చేసే పద్ధతి తెచ్చాడు. పళ్లెమైతే ఒక అచ్చు నుంచి వేలకు వేలు తీయవచ్చు. వ్యాపారం అక్కడ మొదలయింది.

మన దేశంలో ప్లేట్ల కోసం రికార్డు చేయడం 1902లో మొదలయింది. గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే యువకుడు కలకత్తాలో దిగి, ఆ నవంబరులో గౌహర్ జాన్ గానం రికార్డు చేశాడు. ఈమె 1873లో ఆజంగఢ్‌లో ఆర్మీనియన్ సంతతి కుటుంబంలో పుట్టింది. తల్లి ఇస్లాం స్వీకరించి మల్కా జాన్ అయితే, బిడ్డ గౌహర్ జాన్ అయింది. ఆ రోజుల్లో మైకు లేదు. పెద్ద బాకా గొట్టంలో తల పెట్టినంత పని చేసి పాడాలి. ఆ గాలి అదురుకే సూది కదిలి మైనపు పలక మీద గీత గీసేది. గంటసేపు విస్తరించే రాగాన్ని మూడు నిమిషాల్లో ముగించాలి. పాట చివర ఆమె "నా పేరు గౌహర్ జాన్" అని ఇంగ్లీషులో చెప్పేది. అది గర్వం కాదు. అచ్చులు జర్మనీలోని హానోవర్‌కు ఓడలో వెళ్లేవి. అక్కడి పనివారికి ఏ ప్లేటు ఎవరిదో తెలియాలి కదా! పదికి పైగా భాషల్లో 600 దాకా పాటలు పాడిన ఆ విదుషి 1930 జనవరిలో మైసూరులో కన్నుమూసింది. ఆమె కాలంలో ఆమె అంతటి విద్వాంసులు ఇంకా ఉన్నారు. గొట్టం ముందు నిలబడనివారి గొంతు ఎలా ఉండేదో చెప్పే సాక్షి నేడు ఒక్కరూ లేరు.

1908లో కలకత్తాలోని సియాల్దాలోనే రికార్డుల కర్మాగారం వెలిసింది. తర్వాత అది డమ్‌డమ్‌కు మారింది. 1925 నుంచి మైకుతో రికార్డు చేసే పద్ధతి వచ్చాక గొంతులోని సన్నదనం కూడా ప్లేటు మీదికి ఎక్కింది. ఇక్కడ ఒక విశేషం. ప్లేటుకు ముఖ్యమైన సరుకు లక్క. లక్కపురుగు చెట్టుకొమ్మ మీద పెట్టేదే. ప్రపంచానికి దాన్ని పంపిన ముఖ్య దేశం మనదే. ఛోటానాగపూర్ అడవిలో కూలి మనిషి ఏరిన లక్క లండనులోనూ న్యూయార్కులోనూ పాట పాడిందన్నమాట!

ఇంత జరిగినా పోయినవి పోయాయి. 1931 మార్చి 14న బొంబాయి మెజెస్టిక్ టాకీసులో మన దేశపు మొదటి మాటల చిత్రం 'ఆలం ఆరా' విడుదలయింది. ఫకీరు వేషంలో వజీర్ మొహమ్మద్ ఖాన్ అందులో పాడారు. మన సినిమా పాటకు అదే బిస్మిల్లా. ఆ చిత్రం కాపీ నేడు ఎక్కడా లేదు. ఆ పాటల ప్లేట్లూ రాలేదు. ప్రతి క్విజ్ పోటీలో అడిగే ఆ పాటను ఆ చిత్రంలో పాడినట్టే వినడం ఇక ఎవరికీ సాధ్యం కాదు.

మరి మిగిలినవి ఎవరి పుణ్యాన మిగిలాయి? నన్నడిగితే సామాన్యుల పుణ్యాన అంటాను. 1952లో ఆకాశవాణి సినిమా పాటలను దూరం పెట్టింది. శ్రోతలు ముల్లు తిప్పి రేడియో సిలోన్ పట్టుకున్నారు. ఆ ఏడాది డిసెంబరులోనే అక్కడ అమీన్ సయానీగారి 'బినాకా గీత్‌మాలా' మొదలయింది. ఉదయం ఏడున్నర నుంచి ఎనిమిది దాకా పాత చిత్రాల పాటలు, చివరన సైగల్ పాట. అది వింటూ షేవింగ్ చేసుకున్న తరం మా అబ్బాజాన్‌ది. 1957లో వివిధభారతి వచ్చాక కూడా ఆ అలవాటు పోలేదు. ఊరూరా శ్రోతల సంఘాలు పుట్టాయి. పోస్టుకార్డుల మీద ఫర్మాయిషులు, ఆ పాట ఏ చిత్రంలోది, రాసినవారెవరు అనే వాదాలు. ఒకరికొకరు ముఖం చూసుకోనివారు పాట పేరున దోస్తులయ్యారు.

ఆ దోస్తీలోంచే పెద్ద పనులు పుట్టాయి. కాన్పూరుకు చెందిన హర్‌మందిర్ సింగ్ 'హమ్‌రాజ్' హిందీ చిత్రాల పాటలన్నిటినీ ఏడాదివారీగా లెక్కకట్టి 'హిందీ ఫిల్మ్ గీత్ కోశ్' పేరున 1980 నుంచి సంపుటాలుగా తెచ్చారు. 1990లో బొంబాయిలో భారతీయ రికార్డు సేకర్తల సంఘం ఏర్పడి ఒక పత్రిక కూడా నడిపింది. ఆస్ట్రేలియావాసి మైకేల్ కిన్నియర్ 1899–1908 నడుమ గ్రామఫోన్ కంపెనీ చేసిన భారతీయ రికార్డుల పట్టికను పుస్తకంగా తెచ్చారు. ముంబయి చోర్ బజారులోనో, మన హైదరాబాదు జుమేరాత్ బజారులోనో పాత సామాన్ల గుట్టలో ప్లేటు వెదికే మనిషిని చూసి నవ్వేవారు నవ్వారు. అతను మాత్రం లేబులు పక్కన గీసిన సన్నటి అంకె చదివి, ఏ విడతలో రికార్డయిందో పట్టేవాడు. నేడు అటువంటివారు దేశదేశాల్లో ఉన్నారు. లేబులు ఫొటోలు, పాట నకళ్లు నిమిషాల్లో ఇచ్చిపుచ్చుకుంటున్నారు. మొదటి రోజుల్లో దాచుకోవడం గొప్ప. ఇప్పుడు పంచుకోవడం గొప్ప. ఈ మార్పే నాకు అన్నిటికన్నా నచ్చింది.

ఇక నా తప్పు చెప్పుకుంటాను. ప్లేట్ల కాలం పోయి క్యాసెట్ల కాలం వచ్చాక మా దాదీ గొంతును చిన్నాన్న ఒక క్యాసెట్టులో ఎక్కించాడు. ఆమె చదివిన నాత్, పెళ్లిళ్లలో పాడే దక్కనీ పాటలు, నడుమ నడుమ మమ్మల్ని అదిలించిన మాటలు. 1995లో పదో తరగతి పరీక్షలు అయిపోయిన సంబరంలో నేను ఆ క్యాసెట్టు మీద సినిమా పాటలు ఎక్కించాను. అప్పటికి దాదీ చనిపోయి రెండేళ్లు. ఎవ్వరూ నన్ను ఏమీ అనలేదు. ఇప్పుడు ఆ క్యాసెట్టు చివరన, సినిమా పాట ఆగిన చోట, ఆమె దగ్గు ఒక్కటి వినిపిస్తుంది. మా ఇంట్లో ఆమెది మిగిలింది అదే. క్యాసెట్టు పైఅంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ పలుకులు విరిచేస్తే దాని మీద మళ్లీ రికార్డు కాదని ఆనాడు ఎవరైనా చెప్పి ఉంటే!

కనుక సభ్యులకు, ముఖ్యంగా ఇంటి ఆడవారికి నా మనవి. అటకలు, ట్రంకు పెట్టెలు ఒకసారి చూడండి. లక్క ప్లేట్లను ఒకదాని మీద ఒకటి పేర్చకండి, నిలబెట్టి పెట్టండి. ఎండకు వంగిపోతాయి. శుభ్రం చేయడానికి స్పిరిట్ ముట్టనివ్వకండి, లక్క అందులో కరుగుతుంది. క్యాసెట్లను స్పీకరు అయస్కాంతానికి దూరంగా ఉంచండి, ముందు ఆ పలుకులు విరవండి. తెలిసినవారి చేత కంప్యూటరులోకి నకలు తీయించి, రెండు వేర్వేరు ఇళ్లలో రెండు నకళ్లు ఉంచండి. దాని మీద ఎవరి గొంతు, ఏ ఊరు, ఏ సంవత్సరం అన్నది తప్పక రాయండి. పేరు లేని గొంతు అనాథ.

మన సంఘం ఏటా స్కాలర్‌షిప్పులు ఇస్తుంది, రోగులకు మందులు ఇస్తుంది. వాటితో పాటు ఒక బీరువా కూడా ఇస్తే బాగుంటుంది. ఊళ్లోని ఖవ్వాలీ మెహఫిళ్లు, ముషాయిరాలు, పెద్దల ప్రసంగాలు, నానీల పెళ్లిపాటలు అందులో చేరాలి. గౌహర్ జాన్‌ను దాచడానికి కంపెనీ ఉంది. మన నానీలకు, దాదీలకు మనమే ఉన్నాం.

బతికి ఉన్నవారి గొంతు నేడే పట్టుకోండి. సెల్‌ఫోను మీ జేబులోనే ఉంది. ఈ ఆదివారం మీ ఇంటి పెద్దను పక్కన కూర్చోబెట్టుకుని, "మీ చిన్నప్పటి సంగతి ఒకటి చెప్పండి" అని అడగండి. ఆ తర్వాత మీరు నోరు మూసుకోండి, వారిని చెప్పనివ్వండి.