తారల గాలి: పి సిగ్ని నుంచి నేటి లెక్కల దాకా

1600 ఆగస్టు 18న హాలండ్ పటాల తయారీదారు విల్లెం బ్లావ్ హంస నక్షత్రమండలంలో అంతకుముందు ఎవరూ గుర్తించని తారను చూసి, తన ఖగోళ గోళం మీద చేర్చాడు. మూడో ప్రమాణపు వెలుగున్న ఆ తార పాతికేళ్లకు కంటికి ఆనకుండా పోయింది. 1655లో మళ్లీ వెలిగి, మళ్లీ మసకబారింది. దాని పేరు పి సిగ్ని.

1867లో పారిస్ వేధశాలలో షార్ల్ వోల్ఫ్, జార్జ్ రాయే అదే మండలంలోని మూడు మసక తారల కాంతిని విడదీసి చూశారు. మామూలుగా తార వర్ణపటంలో రంగుల పట్టీ మీద సన్నని నల్లగీతలుంటాయి. వీటిలో వెడల్పాటి కాంతిపట్టీలు కనబడ్డాయి. ఆ జాతికి వోల్ఫ్-రాయే అన్న పేరు వచ్చింది గానీ, వెడల్పుకు కారణం తేలడానికి అరవై ఏళ్లు పట్టింది.

1929లో కెనడాలోని విక్టోరియా వేధశాలలో పనిచేస్తున్న కార్లైల్ బీల్స్ ఆ ముడి విప్పాడు. తార నలుదిక్కులా వాయువును చిమ్ముతోంది; అదే తారల గాలి. మనకు దూరమయ్యే వాయువు కాంతి ఎరుపు వైపు, దగ్గరయ్యేది నీలం వైపు జరగడంతో గీత సాగి పట్టీ అవుతుంది. తారకూ మనకూ నడుమ ఉన్న వాయువు మనవైపే వస్తూ కొంత కాంతిని మింగేస్తుంది కాబట్టి, పట్టీకి నీలపు అంచున నల్లటి గాడి పడుతుంది. పి సిగ్నిలో ఈ జోడీ స్పష్టంగా ఉంది. ఇలాంటి రేఖ ఏ తారలో కనిపించినా దాన్ని నేటికీ ఆ తార పేరుతోనే పిలుస్తారు. హైదరాబాద్ నిజాం కళాశాలలో చదివిన వేణు బప్పు కూడా వోల్ఫ్-రాయే తారల మీద పనిచేశాడు. వాటిపై 1971లో బ్యూనస్ ఎయిర్స్‌లో జరిగిన సదస్సు సంపుటికి ఆయన ఒక సంపాదకుడు.

ఇదంతా కొన్ని వింత తారల సంగతిగానే మిగిలిపోయేదేమో. 1967లో డొనాల్డ్ మోర్టన్ రాకెట్లతో తీసిన అతినీలలోహిత వర్ణపటాలు ఆ అభిప్రాయాన్ని మార్చాయి. ఓరియన్ నడికట్టులోని తారల నుంచీ వాయువు సెకనుకు వెయ్యి కిలోమీటర్లకు మించిన వేగంతో వెలువడుతోంది. అంత వేగంగా తోస్తున్నది తార వెలుగేనని 1970లో లూసీ, సాలమన్ చూపారు. కార్బన్, నైట్రోజన్ వంటి అయాన్లు తమకు తగిన రంగు కాంతిని పీల్చి ముందుకు కదులుతాయి. వేగం పెరిగేకొద్దీ వాటికి తగిన రంగు కొద్దిగా జరుగుతుంది కాబట్టి, లోపలి పొరలు మింగని తాజా కాంతి అందుతూనే ఉంటుంది. 1975లో కాస్టర్, అబట్, క్లైన్ దీన్ని పూర్తిస్థాయి సిద్ధాంతంగా మలిచారు.

వోల్ఫ్-రాయే తార సుమారు లక్ష ఏళ్లలో ఒక సూర్యుడంత ద్రవ్యాన్ని పోగొట్టుకుంటుంది. అయితే గాలి నునుపుగా వీస్తుందన్న ఊహ నిలవలేదు. అది ముద్దలు ముద్దలుగా సాగుతుందని తేలాక, పాత అంచనాలను చాలామటుకు రెండు మూడు రెట్లు తగ్గించాల్సి వచ్చింది. దాంతో భారీ తారలు తమ హైడ్రోజన్ పొరను వదిలించుకోవడంలో ఈటా కరీనే అన్న తారలో జరిగినటువంటి విస్ఫోటాలకు, జంట తారల ఆకర్షణకు ఎంత వాటా ఉందన్నది తిరిగి చర్చకు వచ్చింది.