నడగాం తామ్రశాసనము: యంత్రమునకు అర్థము తెలుపు విధానము

కళింగ గాంగుల చరిత్రకు ఆధారములైన శాసనములలో నడగాం తామ్రశాసనమొకటి. శ్రీకాకుళము జిల్లా నరసన్నపేట ప్రాంతమునకు చెందిన ఈ శాసనమును గిడుగు వేంకట రామమూర్తిగారు పరిష్కరించి ‘ఎపిగ్రాఫియా ఇండికా’ నాల్గవ సంపుటమున (1896-97) ప్రకటించిరి. ఇందు వజ్రహస్తుని పట్టాభిషేక సంవత్సరము అంకెలలో లేదు. వియత్తు, ఋతువు, నిధి అను మాటలలో నున్నది. వియత్తు సున్న, ఋతువులు ఆరు, నిధులు తొమ్మిది. మొదటి మాట ఒకట్ల స్థానమునకు, రెండవది పదుల స్థానమునకు, మూడవది నూర్ల స్థానమునకు చెందును. కావున శకవర్షము 960, అనగా క్రీ.శ. 1038.

సంప్రదాయమెరిగిన పాఠకునకిది సులభము. గణనయంత్రమునకు మాత్రము ఈ పాఠము ఒట్టి అక్షరముల వరుస. 1038వ సంవత్సరపు విషయములను వెదకుమన్నచో ఈ శాసనము దానికి కనబడదు. వెబ్ పుటలను కూర్చు హెచ్‌టీఎమ్‌ఎల్ గుర్తులలో పెక్కు ఇది శీర్షిక, ఇది పేరా అని చెప్పునవే. మాటల అర్థమును చెప్పవు.

ఈ కొరతను తీర్చుటకు 1987లో అమెరికాయందలి పొకీప్సీ సమావేశముతో ‘టెక్స్ట్ ఎన్‌కోడింగ్ ఇనీషియేటివ్’ ఆరంభమయ్యెను. శాసనములకు తగినట్లు దానినుండి ‘ఎపిడాక్’ పద్ధతి రూపొందెను. ఇందు మూలపదములను మార్చరు. వానిచుట్టు ‘ఇది కాలము’ అను గుర్తునుంచి, 1038 అను విలువను ఆ గుర్తులోనే చేర్తురు. పేర్లకును ఇదియే మార్గము. అనంతవర్మ యను బిరుదు వజ్రహస్తునకును, శక 999లో (క్రీ.శ. 1078) పట్టాభిషిక్తుడైన ఆతని మనుమడు చోడగంగునకును కలదు. ఒక్కొక్కరికి వేరు సంకేతమీయనిచో యంత్రము తాతను మనుమనిగా భ్రమించును.

అయితే ఇచ్చట నొక ప్రమాదము కలదు. ప్రాచీన కళింగ శాసనములు పెక్కు గాంగశకమున కాలమును చెప్పుచున్నవి. ఆ శకము ఏ యేట ఆరంభమైనదను విషయమున పండితులకు ఏకాభిప్రాయము లేదు. ఒకరి లెక్కను గుర్తులో నిలిపి ఊరకున్నచో ఊహయే ప్రమాణమై వ్యాపించును. యంత్రము సందేహింపనేరదు గదా! కావున నిర్ణయించినవారి పేరును, నిశ్చయపు పాలును గుర్తులోనే తెలుపవలెను. అందుకు ఆ పద్ధతిలో అవకాశము కలదు.

పాఠమును వేరుగను, వివరణమును వేరుగను ముద్రించుట శాసన పరిష్కర్తల పాత మర్యాద. రాతిపై, రాగిపై నున్నదానికిని మనము గ్రహించినదానికిని గల ఆ ఎడమును యంత్రపుపాఠమునందును కాపాడుట నేటి పరిశోధకుల విధి.