చలిని పట్టియుంచిన పాత్రలు

వేసవిలో కూజా నీటిని చల్లబరచుట మనకందరకును తెలిసినదే. మట్టి రంధ్రములగుండ చెమర్చిన నీరు ఆవిరియగుచు, అందులకు కావలసిన వేడిమిని కుండనుండియు, లోపలి నీటినుండియు లాగుకొనును. ఈ సూత్రమునే నేడు కొందరు ఔత్సాహికులు పరాకాష్ఠకు గొనిపోయినారు. వారు కంప్యూటరు ప్రాసెసరుపై రాగి కుండ నొకదానిని నిలిపి, అందు −196 డిగ్రీల సెంటీగ్రేడున మరిగెడి ద్రవ నత్రజనిని పోయుచున్నారు. ఇంటి పనిముట్లతో చేసికొన్న ఆ కుండకు దీర్ఘమైన పూర్వచరిత్ర కలదు. దానినే ఇచట ముచ్చటించుకొందము.

ఆ చరిత్ర ప్రారంభమునందే ప్రాణనష్టము కానవచ్చుచున్నది. 1835లో ఫ్రాన్సు దేశీయుడగు తిలోరియే, మూసిన లోహపాత్రలో ఒత్తిడిచే ద్రవమైన బొగ్గుపులుసు వాయువును వెలికి వదలగా, కొంత భాగము మంచువలె గడ్డకట్టెను. నేడు మనము పొడి మంచు అనునది ఇదియే; దీని చలి −78 డిగ్రీలు. 1840లో పారిసునందు ఇట్టి యంత్రమే పగిలి, ఒస్మిన్ ఎర్వీ అను సహాయకుడు మరణించెను. చలిని బంధింపబూనినవారికి అది మొదటి హెచ్చరిక.

1877లో ఫ్రాన్సున కైయెతే, స్విట్జర్లాండున పిక్తే వేర్వేరుగ ఆమ్లజనిని ద్రవరూపమునకు తెచ్చిరి. కాని వారికి చిక్కినది క్షణకాలము నిలిచిన తుంపర మాత్రమే. 1883లో పోలెండు నగరమగు క్రాకోనందు వ్రోబ్లెవ్‌స్కీ, ఓల్షెవ్‌స్కీ అను పండితులు దానిని పాత్రలో నిలిపి కన్నులార చూడగలిగిరి. అయినను ద్రవమును దాచుట యెట్లు? చుట్టునున్న గాలి వేడిమియే దానిని మరిగించివేయుచుండెను.

ఈ చిక్కును విప్పినవాడు లండను రాయల్ ఇన్‌స్టిట్యూషనులోని జేమ్స్ డ్యూవార్. 1892లో ఆయన ఒక గాజు పాత్రలో వేరొక గాజు పాత్రను చేర్చి, రెండు గోడల నడుమనున్న గాలిని తోడివేసెను. శూన్యముగుండ వేడిమి సులభముగ ప్రసరింపదు. వెండి పూత కిరణముల వేడిమిని త్రిప్పికొట్టును. ఆ పాత్రల సాయముననే 1898లో ఆయన ఉదజనిని ద్రవముగ చేసెను. ఆ పరిశోధనలలో సంభవించిన ప్రేలుళ్లలో ఆయన సహాయకు లిరువురు చెరియొక కన్ను కోల్పోయిరి. డ్యూవార్ తన పాత్రకు పేటెంటు తీసికొనలేదు. జర్మనీలో అదియే 1904నుండి థర్మోస్ పేరున అంగళ్లకెక్కగా, ఆయన న్యాయస్థానమున పోరాడి ఓడిపోయెను. మన పాలు, కాఫీ వేడి చెడకుండ కాపాడు ఫ్లాస్కు చలిని కాపాడుటకు పుట్టినదని ఎందరకు జ్ఞప్తికి వచ్చును?

1895లో జర్మనీకి చెందిన కార్ల్ ఫాన్ లిండే గాలిని విస్తారముగ ద్రవీకరించు పద్ధతిని కనిపెట్టుటతో ద్రవ నత్రజని క్రమముగ పరిశ్రమల వస్తువైనది. 1987లో అమెరికానుండి వెలువడిన ఈటీఏ-10 అను మహాకంప్యూటరులో విద్యుద్వలయముల పలకలను ద్రవ నత్రజనిలో ముంచి, రమారమి రెండింతల వేగమును సాధించిరి. ఆ సంస్థ 1989లోనే మూతపడినది. కాని చలివలన వేగము హెచ్చునను పాఠము నిలిచిపోయినది.

ఇందలి కారణమేమి? ప్రాసెసరునకు తయారీదారు ఒక వేగమును నిర్ణయించును. దానిని మించి నడపుటయే ఓవర్‌క్లాకింగ్. వేగము పెరగవలెనన్న వోల్టేజి కూడ పెంచవలసివచ్చును. పుట్టెడి వేడిమి వేగముతో పాటును, వోల్టేజి వర్గముతో పాటును హెచ్చును. వోల్టేజి నాలుగవ వంతు పెరిగినచో, వేగము మారకున్నను, వేడిమి ఒకటిన్నర రెట్లు దాటును. తీవ్రమైన చలిలో లోహపు తీగల నిరోధము తగ్గును. వృథాగ కారిపోవు విద్యుత్తును తగ్గును.

కాబట్టి ఔత్సాహికులు తామే కుండ చేయబూనిరి. దళసరి రాగి దిమ్మకు పైన రంధ్రములు తొలిచి, దానిపై గొట్టము నిలిపి, చుట్టును స్పంజి రబ్బరు చుట్టుదురు. రంధ్రము లూరక వేయలేదు. కాలిన పెనముపై నీటిబొట్టు తన ఆవిరిపైననే తేలియాడునని 1756లో లైడెన్‌ఫ్రాస్ట్ వర్ణించెను. ద్రవ నత్రజనియు అట్లే తేలి, రాగిని సరిగ తాకదు. తాకెడి తలము పెరిగినచో వేడిమి సులువుగ దిగును. డ్యూవార్ పాత్ర వేడిమిని అన్ని వైపులను అడ్డగించినది. ఈ కుండ ప్రక్కల అడ్డగించి, అడుగున మాత్రము ఆహ్వానించును. గాలిలోని తేమ మంచుగ పేరుకొని, కరగి విద్యుద్వలయములను చెరుపకుండ పలకపై వాసెలైన్ పూయుదురు.

ఈ విజయము నిలుచునది నిమిషములే. ప్రాసెసరు 300 వాట్ల వేడిమి నిచ్చుచున్నచో, లీటరు ద్రవ నత్రజని రమారమి 9 నిమిషములలో ఆవిరియగును. అయినను 2003లో ఔత్సాహికులు ఈ విధమున ఒక ప్రాసెసరును 5 గిగాహెర్ట్‌జులు దాటించిరి, 2011లో 8.429 గిగాహెర్ట్‌జుల వేగమును, 2022లో 9 గిగాహెర్ట్‌జులకు మించిన వేగమును సాధించినపుడు నత్రజనికంటె చల్లనైన ద్రవ హీలియమును వాడిరి.

ఇచట ఒక మాట గట్టిగ చెప్పవలసియున్నది. లీటరు ద్రవము 700 లీటర్ల వాయువగును. కుండకు మూత బిగించుట ఎర్వీ మరణమును మరల కోరుటయే. మూసిన గదిలో నత్రజని ఆమ్లజనిని తరిమివేయును. దానికి రంగు లేదు, వాసన లేదు, మనిషికి హెచ్చరికయు లేదు. అందుచే తలుపులు తెరువక, కంటికి రక్షణ లేక ఈ పనికి పూనుకొనుట సాహసము కాదు, అవివేకము.

మన గ్రామములలోని పశువైద్యశాలలలో మేలుజాతి ఎద్దుల వీర్యమును ద్రవ నత్రజని క్యానులలో భద్రపరచుచున్నారు. ఆ క్యాను గోడల నడుమ నున్నది డ్యూవార్ చూపిన శూన్యమే. పేటెంటు లేక ఆయన న్యాయస్థానమున ఓడినను, ఆయన పాత్ర మన పాడి రైతు ముంగిటి వరకు వచ్చినది. ఆ దారిలో ప్రాణమును, కన్నులను అర్పించినవారు సహాయకులు. చలిపాత్రను చేపట్టినవారు మొదట స్మరింపదగినది వారినే యని మా యభిప్రాయము.