బకింగ్‌హాం కాలువ: కరువు కలిపిన పడవ దారి

ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట ప్రాంతాల విద్యార్థులకు పడవ ప్రయాణం దూరపు విషయంగా తోచవచ్చు. అయితే మీ నెల్లూరు జిల్లా తూర్పు అంచునే, సముద్ర తీరం వెంబడి, బకింగ్‌హాం కాలువ సాగుతుంది. ఉత్తరాన అది పెదగంజాం వద్ద కృష్ణా డెల్టా కాలువలను కలుస్తుంది.

1806లో మద్రాసు నుంచి ఎన్నూరు వరకు ప్రైవేటు కాలువగా ఇది మొదలైంది. 1837లో ప్రభుత్వం దీన్ని స్వాధీనం చేసుకొని క్రమంగా పొడిగించింది. మద్రాసు నగరంలో కూవం, అడయారు నదుల నడుమ సుమారు 8 కి.మీ. భాగం మాత్రం మిగిలిపోయింది. 1877-78లో దాన్ని కరువు పనిగా తవ్వించారు.

సముద్రపు పోటుపాటులకు, నదుల వరదకు నీటిమట్టం మారుతుంది కనుక లాకులు కట్టారు. పడవ లాకులోకి రాగానే వెనుక తలుపులు మూసేవారు. తూముల ద్వారా నీటిని నింపడమో వదలడమో చేసేవారు. రెండు మట్టాలు సమానమయ్యాక ముందు తలుపులు తెరిచేవారు.

ఈ సౌకర్యం వెనుక ఆకలి ఉందని గమనించండి. 1877 ఆరంభంలో మద్రాసు రాష్ట్రపు కరువు పనుల్లో రోజు కూలిని ఒక పౌను ధాన్యానికీ, కొద్ది డబ్బుకూ తగ్గించారు. ఆ కూలితో మనిషి బతకలేడని వైద్యాధికారి కార్నిష్ వాదించాడు. కొన్ని నెలలకు కూలి పెంచారు. కాలువకు మాత్రం గవర్నరు పేరు నిలిచింది. తవ్వినవారి పేర్లు నిలవలేదు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి: కరువు పనిని సహాయం అనాలా, చౌక శ్రమ అనాలా? కారణాలతో రాయండి.