కార్డోజో న్యాయమూర్తి యెన్నిక

కులచరిత్రములు వ్రాయు మనవారు సాధారణముగా కీర్తిమంతుల పేరులనే యేఱి కూర్చుచుందురు. తలవంపు తెచ్చినవారి ప్రసక్తి వచ్చినచో కలము దాటిపోవును. ఇట్టి వ్రాతలవలన సంఘమునకు మేలు కలుగునా యని మాకు చిరకాలమునుండి సంశయము. అందుచేత అమెరికాలో స్వల్పసంఖ్యగల యొక సంఘమున బుట్టి న్యాయపీఠమెక్కిన బెంజమిన్ కార్డోజో వృత్తాంతమును సభ్యులకును పోషకులకును నివేదించుచున్నాము.

స్పెయిను, పోర్చుగలు దేశములనుండి పూర్వము వెడలగొట్టబడిన యూదుల సంతతివారిలో కొన్ని కుటుంబములు న్యూయార్కున స్థిరపడియుండెను. అట్టి కుటుంబమున కార్డోజో 1870 మే 24వ తేదీని జన్మించెను. తండ్రి ఆల్బర్టు ఆ రాష్ట్ర సుప్రీముకోర్టు న్యాయమూర్తి. ఆయన నగరధనమును దోచిన ట్వీడు ముఠాకును, టామనీహాలు అను రాజకీయకూటమికిని అనుకూలుడై పదవిని దుర్వినియోగము చేసెనని అభియోగములు వచ్చెను. పదవీచ్యుతి తప్పదని తోచి 1872లో రాజీనామా యిచ్చెను. అప్పటికి బాలునకు రెండేండ్లు.

కుమారుడు పదునైదవయేట కొలంబియా కళాశాలలో జేరెను. పిదప న్యాయశాస్త్రమును రెండేండ్లు చదివి, పట్టము పుచ్చుకొనకయే 1891లో న్యాయవాది యయ్యెను. ఆయన పేరు సామాన్యజనులెఱుగరు. తోడి న్యాయవాదులే చిక్కువ్యవహారములను ఆయనకడకు దెచ్చుచుండిరి. అప్పీలు న్యాయస్థానపు అధికారపరిధినిగూర్చి 1903లో గ్రంథము ప్రకటించెను.

1913లో టామనీహాలునకు ప్రతికూలముగా గూడిన పలుపక్షములవారు ఆయనను సుప్రీముకోర్టు పదవికి అభ్యర్థిగా నిలిపిరి. పట్టికలో యూదుడొకడుండుట మంచిదను లెక్కయు నందు గొంత గలదు, దాచనేల? స్వల్పాధిక్యముతో గెలిచెను. తండ్రి విడిచిన న్యాయస్థానముననే, తండ్రిని పోషించిన కూటమి నెదిరించి, కుమారుడు కూర్చుండెను. (న్యూయార్కున సుప్రీముకోర్టనగా విచారణ జరుపు క్రిందికోర్టు, అన్నిటికిని పైది అప్పీలు న్యాయస్థానమే.)

కొన్ని వారములకే, 1914 ఫిబ్రవరిలో, గవర్నరు గ్లిన్ ఆయనను అప్పీలు న్యాయస్థానమునకు తాత్కాలికముగా బంపెను. అచ్చట వ్యాజ్యములు పేరుకొనిపోయియుండెను. ఆ పీఠమెక్కిన మొదటి యూదుడాయనయే.

అచ్చట 1916లో వ్రాసిన తీర్పొకటి చెప్పదగినది. మాక్ఫర్సను అను నాతడు వర్తకునియొద్ద బ్యూయిక్ మోటారుబండి కొనెను. కొయ్యచక్రము విరిగి, ఆతడు క్రిందబడి గాయపడెను. చక్రము వేఱొకరు చేసినది. బండి కంపెనీ దానిని పరీక్షింపలేదు. కంపెనీ అమ్మినది వర్తకునికిగాని తనకు గాదు. కావున తమకు బాధ్యత లేదని వారి వాదము. లోపమున్నచో ప్రాణాపాయము గలిగించు వస్తువును చేయువాడు, ఒడంబడిక లేకున్నను, దానిని వాడువారియెడల జాగ్రత్త వహింపవలెనని కార్డోజో నిర్ణయించెను. సామాన్యుడైన కొనుగోలుదారునకు ఇంతటి రక్షణ అంతకుమున్ను అరుదు.

1917 జనవరిలో ఆయనకు స్థిరమైన స్థానము లభించెను. ఆ నవంబరులో డెమోక్రాటులును రిపబ్లికనులును ఆయననే తమ యభ్యర్థిగా నిర్ణయింపగా పదునాలుగేండ్లకు ఎన్నికయ్యెను. 1926లో ప్రధానన్యాయమూర్తి పదవికిని ఉభయులును ఆయననే నిలిపిరి. తన సంఘమువారి యోట్లతోనే ఇది సాధ్యమయ్యెడిది కాదు; వారెందరు! అన్యుల విశ్వాసమే ఆయనను నిలిపినది. ఆ సంఘమువారు కుమారుని తమవాడని చెప్పుకొనదలచినచో ఆల్బర్టునుగూడ చెప్పుకొనవలసినదే.

న్యాయమూర్తి యోట్లడుగుట తగునా యను ప్రశ్న అచ్చటను లేకపోలేదు. 1977లో న్యూయార్కు ప్రజలు రాజ్యాంగమును సవరించి, ఈ న్యాయస్థానమునకు ఎన్నికలు మాన్పి, గవర్నరు నియమించు పద్ధతి నేర్పరచిరి.

1932లో హూవరు అధ్యక్షుడు ఆయనను దేశపు సుప్రీముకోర్టునకు ఎన్నుకొనగా సెనేటు ఏకగ్రీవముగా నామోదించెను. 1938 జూలై 9వ తేదీని మృతినొందెను. ఆయన వివాహమాడలేదు, సంతానము లేదు.