పులికి లెక్క ఉంది, మరి కప్పకు?



ముప్పులో ఉన్న జంతువు ఏదంటే మనమంతా పులి అనే చెప్తాం. కానీ ప్రపంచంలో క్షీరదాల్లో దాదాపు నాలుగో వంతు జాతులకు ముప్పు ఉంటే, కప్పల్లాంటి ఉభయచరాల్లో నూటికి 41 జాతులకు ఉంది. అయినా కప్ప పేరు వినపడదు. అందుకే రెండింటి చరిత్రను పక్కపక్కన పెట్టి చూద్దాం.

ముందు పులి. 1972 లెక్కలో దేశంలో 1,827 పులులే ఉన్నాయని తేలింది. అదే ఏడాది వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1973లో ప్రాజెక్ట్ టైగర్ వచ్చాయి. 1983లో మన నల్లమల పులుల రిజర్వ్ అయింది. 2022 లెక్కలో దేశంలో పులులు 3,682. సంతోషమే. కానీ నల్లమల లోపల చెంచు పెంటలున్నాయి. పులి కోసం అడవి ఖాళీ చేయాలన్న మాట వచ్చినప్పుడల్లా భయపడేది ఆ పెంటల్లోని వాళ్ళే.

ఇక కప్ప. దీనికోసం కేరళలోని పడమటి కనుమలకు పోవాలి. అక్కడ ఊదారంగు కప్ప ఒకటుంది. ఏడాదంతా భూమిలోపలే ఉండి చెదలు తింటది. తొలి వానలకు గుడ్లు పెట్టడానికి కొద్దిరోజులే బయటికొస్తది. దాని తోకకప్పలు వాగు ఎంత జోరుగా పారినా నోటితో రాళ్ళను పట్టుకొని ఉంటాయి. 2003లో ఎస్.డి. బిజు, ఆయన తోటి శాస్త్రవేత్త దానికి శాస్త్రీయ నామం పెట్టారు. కొత్త కప్ప దొరికిందని లోకమంతా చెప్పుకుంది. అక్కడి ఆదివాసీలకు మాత్రం అది కొత్తది కాదు. దాని తోకకప్పల్ని వాగుల్లో పట్టి వండుకునేవాళ్ళు. అట్లా పట్టడం కూడా ఆ కప్పకు ముప్పేనని తర్వాత పరిశోధకులు రాశారు. ఆ మాట మనం దాచుకోవద్దు. అట్లాగే అడవి నరికి వేసిన ఏలకుల తోటల్నీ, కాఫీ తోటల్నీ మరిచిపోవద్దు.

పులి చరిత్రలో మనం అడ్డం ఉన్నవాళ్ళం. కప్ప చరిత్రలో ముందే తెలిసినా పేరు లేనివాళ్ళం. రెండుచోట్లా మన మాట కాగితం మీద లేదు.

దీనికి దారి చట్టంలోనే ఉంది. 2006 సవరణ ప్రకారం పులుల రిజర్వ్ నుంచి తరలింపు ఇష్టపూర్వకంగానే జరగాలి, గ్రామసభ ఒప్పుకోవాలి. 2002 జీవవైవిధ్య చట్టం కింద ప్రతి ఊరికీ ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ రాసుకోవచ్చు. ఏ కప్ప ఏ కార్తెలో అరుస్తదో మన తాతలకు, అవ్వలకు తెలుసు. హాస్టల్ నుంచి సెలవులకు పోయినప్పుడు వాళ్ళను అడుగుదాం. మన భాషలో పేరు, వాగు పేరు, కనిపించే కాలం రాసుకొని గ్రామసభలో పెడదాం. ముందు మీ ఊరి వాగులో కప్పల పేర్లు కింద రాయండి.