ఎదురుకాళ్ల కాన్పు

ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు కాలితో తాకితే పట్టేసిన నడుం వదులుతుందని మన ఊళ్లలో నమ్మకం. ఆ బిడ్డను కన్న తల్లికీ, పట్టిన మంత్రసానికీ మాత్రం ఏ మహిమా దక్కలేదు. చివర్న వచ్చే తలను బయటికి తెచ్చే ఒక పద్ధతికి 17వ శతాబ్దపు ఫ్రెంచి వైద్యుడు మోరిసో పేరుంది. మన మంత్రసానుల ఒడుపుకి ఏ పేరూ లేదు.

అలాగని పాతకాలాన్ని పొగడలేం. నెలలు నిండేసరికి నూటికి ముగ్గురు నలుగురు బిడ్డలు పిర్రలో కాళ్లో కిందికి ఉంటారు. తల ఇరుక్కున్నా, బొడ్డుతాడు నొక్కుకుపోయినా నిమిషాల్లో ప్రాణం పోతుంది. అలా పోయినవాళ్లను ఇంటి ఆడవాళ్లే గుర్తుపెట్టుకున్నారు.

2000లో 26 దేశాల్లో 2088 మంది గర్భిణులపై జరిగిన పరిశోధన 'లాన్సెట్'లో వచ్చింది. ముందే నిర్ణయించి సిజేరియన్ చేసినచోట చనిపోయిన, తీవ్రంగా దెబ్బతిన్న బిడ్డలు నూటికి 1.6. సహజ కాన్పుకి ప్రయత్నించినచోట 5. దాంతో చాలా దేశాల్లో ఎదురుకాళ్లంటే కోతే అయింది. 2004లో ఆ పిల్లల్లో కొందరిని రెండేళ్ల వయసులో చూస్తే, మరణాల్లో గానీ ఎదుగుదల లోపాల్లో గానీ తేడా కనిపించలేదు. 2006లో ఫ్రాన్స్, బెల్జియంలలో 8 వేలమందికి పైగా తల్లుల్ని పరిశీలించారు. జాగ్రత్తగా ఎంచుకుని, నేర్పున్నవాళ్లు పక్కనుంటే సహజ కాన్పులో ప్రమాదం చెప్పుకోదగ్గంత పెరగలేదు. అప్పటికే ఆ నేర్పు కొత్త డాక్టర్లకు అందడం తగ్గిపోయింది.

దీనికీ పాల్వంచకీ ఏమిటి సంబంధం? 2016 దాకా ఖమ్మం జిల్లాలోనూ, ఆ తర్వాత భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోనూ ఉన్న ఈ ఊరికి ఒకపక్క థర్మల్ కేంద్రం, మరోపక్క కిన్నెరసాని అడవి. వాగు పొంగితే లోపలి కోయగూడేలకు దారి ఉండదు. 2005లో మొదలైన 108 బండి కూడా వాగు ఇవతలే ఆగాలి. కోత ఈ బిడ్డను కాపాడవచ్చు. కానీ గర్భసంచి మీద మచ్చ పడ్డాక, అది చిట్లే ప్రమాదం, మాయ దానికి అతుక్కునే ప్రమాదం ఉంటాయి. తర్వాతి కాన్పు ఆపరేషన్ థియేటరూ రక్తమూ ఉన్నచోటే జరగాలి. పట్నంలో ఆ మచ్చ ఒక వైద్య వివరం. వాగు అవతల అది ప్రాణానికీ ఆసుపత్రికీ మధ్య దూరం.

2019-20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు. ప్రైవేటులో 81.5 శాతం. కోత ఇంత మామూలైనచోట వేరే దారులున్నాయని తల్లికి ఎవరు చెబుతారు?

దారులు మూడు. 36, 37 వారాల్లో ఆసుపత్రిలో, బిడ్డ గుండె చప్పుడు చూసుకుంటూ పొట్టమీద చేతులతో బిడ్డను తిప్పడం మొదటిది. దాదాపు సగంమందిలో ఇది ఫలిస్తుంది. రెండోది నేర్పున్నవాళ్ల దగ్గర సహజ కాన్పు. మూడోది సిజేరియన్. బ్రిటన్ ప్రసూతి వైద్యుల సంస్థ 2017లో ఇచ్చిన లెక్కలో బిడ్డకు ప్రాణాపాయం సహజ కాన్పులో వెయ్యికి సుమారు 2, సిజేరియన్‌లో 0.5. ఈ అంకెలతో పాటు రాబోయే కాన్పుల సంగతీ, వాగు సంగతీ ఆమె ముందు పెట్టాలి. నిర్ణయం ఆమెది.

2017లో కరీంనగర్‌లో ప్రభుత్వ నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణ మొదలైంది. మంత్రసానిని పక్కకు నెట్టిన వ్యవస్థే మళ్లీ ఆ చేతుల్ని వెతుక్కుంటోంది. నొప్పులు ముదిరాక పాదం కనబడితే థియేటర్ దాకా ఆగే వీలుండదు. అప్పుడు బిడ్డను పట్టగల చేయి అడవి అంచున ఉండాలి.